మెరీనాలో దిగొద్దు, కోవళంలో దిగొచ్చు: చెన్నై బీచ్‌ల భద్రతలో అసలు చిక్కు ఎక్కడుంది?

మెరీనాలో ఇసుకంతా దాటుకుని నీళ్ల దగ్గరికి వెళ్తే హెచ్చరిక బోర్డు కనిపిస్తుంది. ఇక్కడ స్నానం ప్రమాదం, సముద్రంలోకి దిగొద్దని తమిళంలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆ బోర్డుకి ఎదురుగానే వందల మంది నడుము లోతు నీళ్లలో కేరింతలు కొడుతుంటారు. పోలీసులు విజిల్ వేస్తారు. గుర్రం మీద గస్తీ తిరిగే పోలీసు దగ్గరికొస్తే జనం నాలుగడుగులు వెనక్కి జరుగుతారు, గుర్రం అటు వెళ్లగానే మళ్లీ దిగుతారు.

అదే తీరం వెంట ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే కోవళం వస్తుంది. అక్కడి బీచ్‌కి 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఈతకి హద్దులు పెట్టిన చోటు ఉంది, లైఫ్‌గార్డులు ఉంటారు. రెండు చోట్లా ఉన్నది బంగాళాఖాతమే. మరి ఒకచోట దిగొద్దని, ఇంకోచోట దిగొచ్చని ఎందుకంటారు?

తిరుపతి దర్శనం చేసుకుని ఇటొచ్చినవాళ్లు, ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లు, టీ నగర్‌లో పెళ్లి బట్టలు కొన్నాక సాయంత్రం ఖాళీ దొరికినవాళ్లు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్క కాలేజీల్లో చదివే మన పిల్లలు, అందరూ ఒకే మాట అంటారు: "కాళ్లు తడుపుకుని వచ్చేస్తాం బాబాయ్, అంతే." ఎవరైనా కొట్టుకుపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకరు సముద్రాన్ని, ఇంకొకరు కుర్రాళ్ల దూకుడిని, మరొకరు ప్రభుత్వాన్ని తిడతారు. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే విషయం అర్థం కాదు. ముందు నీళ్ల సంగతి తెలియాలి.

నీళ్లు మనిషిని లోపలికి ఎలా తీసుకెళ్తాయి

ఒడ్డుకి వచ్చిన అల విరిగి, నురగై, ఇసుక మీదికి పాకుతుంది. ఒకదాని వెనక ఒకటి వచ్చే అలలు తెచ్చిన నీళ్లన్నీ ఒడ్డు దగ్గర పేరుకుంటాయి. ఆ నీరు ఎలాగైనా తిరిగి వెళ్లాలి. ఒడ్డుకి కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక తిన్నెలు ఉంటాయి. నిండిన చెరువు నీళ్లు కట్టలో బలహీనంగా ఉన్నచోట గండి కొట్టుకున్నట్టు, ఈ నీళ్లు కూడా ఇసుక తిన్నెలో ఎక్కడ సందు ఉంటే అక్కడ ఇరుకుగా, వేగంగా సముద్రంలోకి పరుగెడతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు.

రిప్ మనిషిని నీటి అడుగుకి లాగదు. పైనే ఉంచి, ఒడ్డు నుంచి దూరంగా తీసుకెళ్తుంది. మునిగేది ఆ తర్వాత, ఒడ్డు వైపు ఎదురీది చేతులు పడిపోయినప్పుడు. ఈత రానివాళ్లకి కాళ్ల కింద నేల పోయిన క్షణంలోనే ముగిసిపోతుంది.

బెసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్‌లో ఒడ్డున కాసేపు నిలబడి చూస్తే ఇది కంటికి కనిపిస్తుంది. కుడి పక్కన తెల్లగా అలలు విరుగుతుంటాయి, ఎడమ పక్కన కూడా. మధ్యలో పది, ఇరవై మీటర్ల మేర మాత్రం అల విరగదు. అక్కడ నీళ్లు కాస్త ముదురు రంగులో, ఇసుక కలిసి మురికిగా, పైన గరుకుగా కనిపిస్తాయి. నురగ తుంపులు అక్కడ ఒడ్డుకి రాకుండా వెనక్కి జారిపోతుంటాయి. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు చుట్టూ చూసి, "ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి, ఇక్కడ దించుదాం" అని సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటారు. చూడ్డానికి ప్రశాంతంగా ఉన్న నీళ్లే ప్రమాదకరమైనవి కావడం ఇందులో ఉన్న పెద్ద చిక్కు. చెప్పకపోతే ఎవరికీ తెలిసే విషయం కాదు. చదువుకీ తెలివికీ దీంతో సంబంధం లేదు.

వేగం ఎంత ఉంటుంది? మామూలు రిప్ సెకనుకి అర మీటరు లోపే పోతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి రెండు మీటర్లు దాటినవి కూడా రికార్డయ్యాయి. ఒలింపిక్ ఈతగాళ్లు వంద మీటర్లు ఈదే వేగం కూడా దాదాపు అంతే. ఒక లెక్క చూద్దాం. స్విమ్మింగ్ పూల్‌లో 50 మీటర్లు నిమిషంలో ఈదే కుర్రాడున్నాడు. అంటే సెకనుకి 0.83 మీటర్లు. రిప్ వేగం సెకనుకి ఒక మీటరు. అతను ఒడ్డు వైపు శక్తంతా పెట్టి ఈదినా సెకనుకి 17 సెంటీమీటర్ల చొప్పున వెనక్కే పోతాడు. ఐదు నిమిషాల తర్వాత మొదలుపెట్టిన చోటు కంటే 50 మీటర్లు లోపల ఉంటాడు, పైగా అలసిపోయి. అదే కుర్రాడు 20 మీటర్ల వెడల్పున్న ఆ పాయ మధ్యలో ఉండి ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే, 10 మీటర్లు దాటడానికి 12 సెకన్లు చాలు. ఆలోపు 12 మీటర్లు లోపలికి పోతాడు కానీ ప్రవాహం నుంచి బయటపడతాడు.

పక్కకి ఈదమన్న సలహా ఇందుకే వచ్చింది. అయితే నిపుణులందరూ ఇదొక్కటే మార్గం అనడం లేదు. అమెరికా, ఐరోపా తీరాల్లో నీటిలో వదిలిన తేలియాడే పరికరాల కదలికలు చూసి 2010లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఎక్కువసార్లు రిప్ గుండ్రంగా తిరిగి కొద్ది నిమిషాల్లో మళ్లీ లోతు తక్కువున్న చోటికే తెచ్చి వదులుతుంది. కాబట్టి ఏమీ చేయకుండా తేలుతూ ఉండటమే మేలని కొందరి వాదన. అన్ని తీరాల్లో అలా తిరగదు, కొన్నిచోట్ల సూటిగా సముద్రంలోకే పోతుంది, పైగా ఏ పక్కకి ఈదాలో తప్పుగా ఎంచుకుంటే ఆ పక్క ప్రవాహం కూడా ఎదురవుతుందని ఇంకొందరు గుర్తుచేస్తారు. ఇప్పుడు చాలా దేశాల లైఫ్‌గార్డు సంస్థలు రెండూ కలిపి చెబుతున్నాయి: ముందు తేలాలి, చెయ్యెత్తి సాయం అడగాలి, ఓపిక ఉంటే పక్కకి ఈదాలి. చీరలతో, చుడీదార్లతో, జీన్స్ ప్యాంట్లతో దిగే మన జనంలో తేలడం వచ్చినవాళ్లు ఎందరు? ఈత రానివాళ్లకి ఈ చర్చ వల్ల ఒరిగేది తక్కువ.

మెరీనా ఇలా ఎందుకు తయారైంది

మెరీనాలో ఇప్పుడు కనిపించే ఇసుకలో చాలా భాగం హార్బర్ పుణ్యం. మద్రాసు హార్బర్ పని 1870లలో మొదలైంది, 1881 తుపానుకి దెబ్బతింది, తర్వాత మళ్లీ కట్టారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. హార్బర్ గోడలు అడ్డు పడేసరికి ఇసుక దక్షిణం పక్కన ఆగిపోయింది. ఒకప్పుడు రోడ్డుకి దగ్గర్లో ఉన్న సముద్రం దూరం జరిగింది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1884లో విహారానికి బాట వేయించి మెరీనా అని పేరు పెట్టినప్పటికి ఈ మార్పు మొదలై ఉంది. అవతల రాయపురం, కాశిమేడు వైపు తీరం మాత్రం కోసుకుపోయింది. అక్కడ రాళ్లు పోసి గోడలు, సముద్రంలోకి చొచ్చుకుపోయే గట్లు కట్టుకుంటూ ఎన్నూరు దాకా వెళ్లారు. ఇలాంటి గట్ల పక్కన రిప్ దాదాపు స్థిరంగా ఉంటుంది. అల గట్టుకి తగిలి, దాని వెంటే లోపలికి మళ్లుతుంది. ఆ రాళ్ల మీద సెల్ఫీలు, వాటి పక్కన స్నానాలు రెండూ ప్రమాదమే.

మెరీనాలో ఒడ్డు చాలాచోట్ల ఉన్నట్టుండి వంగుతుంది. అల్లంత దూరం దాకా మోకాలి లోతే ఉండే తీరం కాదిది. అందువల్ల అల లోపలెక్కడో విరిగి నెమ్మదించే వీలు లేక, ఒడ్డుకి దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. తిరిగి వెళ్లే నీళ్లు ఆ వాలు మీద జోరుగా జారుతూ మడమల కింద ఇసుకని లాక్కుపోతాయి. నిలబడ్డ మనిషి కూర్చుండిపోతాడు, లేచేలోపు తర్వాతి అల నెత్తిమీద పడుతుంది. దీనికి రిప్ కూడా అక్కర్లేదు. ఒక ఘన మీటరు సముద్రపు నీరు వెయ్యి కిలోల పైమాటే. పదేళ్ల పిల్లని మోకాలి లోతులో పడేయడానికి అందులో కొంత చాలు.

"ఇందాకటి దాకా బానే ఉంది" అనే మాట

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశంలోని తీరాలన్నిటికీ అలల సమాచారం, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. ఆ బులెటిన్‌లో అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే దానర్థం ప్రతి అలా ఒకటిన్నర మీటరే వస్తుందని కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు అది. అంటే చాలా అలలు అంతకంటే చిన్నవి, అరుదుగా ఒకటి దాదాపు రెట్టింపు. ఒడ్డు దగ్గర లోతు తగ్గి అల విరుగుతుంది కాబట్టి మూడు మీటర్ల గోడ మనమీద పడదు గానీ, అప్పటిదాకా వచ్చినవాటిని మించిన నీళ్లు మాత్రం వస్తాయి. పది నిమిషాలు మోకాళ్ల దాకా వచ్చిన సముద్రం పదకొండో నిమిషంలో ఛాతీ దాకా రావడం ఇలాగే. అలలకి మనసు మారలేదు, లెక్కలో ఉన్నదే జరిగింది.

దూరపు అలల సంగతి ఇంకా మోసపూరితం. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలులు లేపిన అలలు కొన్ని రోజులు ప్రయాణం చేసి మన తీరాన్ని తాకుతాయి. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు. మలయాళీలు కళ్లక్కడల్ అనే ఈ పొంగు కేరళలో, తమిళనాడు దక్షిణ కొసన ఎక్కువ. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి రోజుల్లోనే ప్రాణాలు కోల్పోయారు. ఇన్‌కాయిస్ హెచ్చరిక అప్పటికే ఉంది. హెచ్చరిక ఇవ్వడం ఒక పని, అది ఒడ్డున చెప్పులు విప్పుతున్న మనిషి చెవికి చేరడం వేరే పని. మన వ్యవస్థలో మొదటిది బాగా కుదిరింది, రెండోది బోర్డులకీ వాట్సాప్‌కీ వదిలేశాం. ఆ బోర్డుల మీద తెలుగు ఉండదు కూడా.

300 మీటర్ల ఇసుక, ఒక నిమిషం ప్రాణం

మునుగుతున్న మనిషి చేతులూపి అరుస్తాడని సినిమాలు నేర్పాయి. నిజంగా మునిగేవాళ్లలో చాలామంది అరవలేరు, ఎందుకంటే నోరు ఊపిరికే చాలదు. చేతులు పక్కకి చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు, తల వెనక్కి వాలి ఉంటుంది, చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. పూర్తిగా మునగడానికి ముందు ఈ స్థితి 20 నుంచి 60 సెకన్లు ఉంటుందని అమెరికా లైఫ్‌గార్డుల పరిశీలనలు చెబుతాయి.

ఇప్పుడు మెరీనా మీద ఈ లెక్క వేయండి. రోడ్డుకీ నీళ్లకీ మధ్య ఇసుక సగటున 300 మీటర్లు. దివ్యాంగులు అలల దగ్గరి దాకా వెళ్లడానికి 2022 నవంబర్‌లో వేసిన చెక్క బాట పొడవే 263 మీటర్లు. (పాపం, రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది.) రోడ్డు మీదున్న మనిషి ఆ ఇసుకలో సెకనుకి మూడు మీటర్ల చొప్పున పరుగెత్తినా నీటి అంచుకి చేరేసరికి 100 సెకన్లు. అక్కణ్నుంచి 50 మీటర్లు ఈదాలంటే మరో 50 సెకన్లు. మొత్తం రెండున్నర నిమిషాలు. చేతిలో ఉన్నది ఒక నిమిషం. అంటే రోడ్డు మీద నిలిపిన జీపు, అంబులెన్సు, ఎంత మంది సిబ్బంది ఉన్నా మొదటి నిమిషానికి పనికిరారు. నీటి అంచునే, కాస్త ఎత్తులో, వేరే పనేమీ లేకుండా నీళ్లనే చూస్తూ కూర్చున్న మనిషి కావాలి.

అలాంటి మనిషి లేనిచోట స్నేహితులే దూకుతారు. ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురు, నలుగురు పోయారన్న వార్తల వెనక ఉన్నది ఇదే. బెసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ మీద తెల్లటి తోరణంలా నిలిచిన కట్టడాన్ని చాలామంది ఫొటోల కోసం వాడుకుంటారు. అది 1930లో ఇక్కడ మునిగిపోతున్న మరొకరిని కాపాడబోయి తానే చనిపోయిన డెన్మార్క్ నావికుడు కార్ల్ ష్మిత్ జ్ఞాపకం. సముద్రం మీద బతికిన మనిషి కూడా పట్టుకుని తేలడానికి ఏమీ లేకుండా వట్టి చేతులతో దిగితే ఏమవుతుందో ఆ కట్టడం కింద కూర్చుని సుండల్ (గుగ్గిళ్లు) తినేవాళ్లలో కొందరికైనా తెలుసో లేదో.

బయటికి తీశాక ఒడ్డున జరిగేది ఇంకో సమస్య. బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చూస్తాం. మునిగిన మనిషికి ముందు పోయేది ఆక్సిజన్, గుండె ఆగేది దాని తర్వాత. అందుకే ఇలాంటి కేసుల్లో ఛాతీ ఒత్తడం ఒక్కటే కాకుండా నోటి ద్వారా ఊపిరి ఊదడం కూడా ఉన్న సీపీఆర్ అవసరమని 2024లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు మరోసారి నొక్కిచెప్పాయి. పొట్ట నొక్కితే కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పుంది.

నిషేధం మేలా, హద్దులు గీసిన చోటు మేలా

అసలు వాదన ఇక్కడే. నిషేధం వైపు ఉన్నవాళ్ల మాటలో బలం ఉంది. కాణుం పొంగల్ రోజు, అంటే మన ముక్కనుమ నాడు, మెరీనాకి లక్షల్లో జనం వస్తారు. ఆ రోజు పోలీసులు నీటికి ముందే కర్రలతో కంచె కడతారు, పిల్లల చేతులకి ఫోన్ నంబర్లున్న పట్టీలు కడతారు. అంత గుంపులో ఎవరు మునిగారో, ఎవరు ఆడుతున్నారో తేల్చడం ఏ లైఫ్‌గార్డు వల్లా కాదు. తీరం వాలు, అలల తీరు ఈతకి అనుకూలం కానప్పుడు అనుమతి ఇవ్వడమే తప్పని వీళ్లంటారు. ఒక జోన్ గీసి ఇక్కడ సురక్షితం అని ప్రభుత్వమే చెప్పాక అక్కడ ఎవరైనా చనిపోతే జవాబు చెప్పాల్సింది కూడా ప్రభుత్వమే. అధికారుల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే.

ఎదుటి వాదన ఏమిటంటే, నిషేధం ఏడాదికి ఒక్క రోజు పనిచేస్తుంది, మిగతా రోజుల్లో బోర్డుగా మిగులుతుంది. మెరీనాలో విజిల్ వేస్తే కుర్రాళ్లు పాలవాక్కం, నీలాంకరై, ఇంజంబాక్కం సందుల్లోంచి బీచ్‌కి పోతారు. అక్కడ విజిల్ కూడా ఉండదు. కాగితం మీద ఎవరూ స్నానం చేయని బీచ్‌కి లైఫ్‌గార్డు పోస్టులు అడగడం కష్టం, ఇచ్చినా వాళ్ల పని జనాన్ని అదిలించడమే అవుతుంది, నీళ్లని గమనించడం కాదు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఇద్దరు లైఫ్‌గార్డులున్న ఒక పోస్టు 200 మీటర్ల నీటిని చూసుకోగలదనుకుంటే, ఆరు కిలోమీటర్ల మెరీనాకి 30 పోస్టులు, రెండు షిఫ్టులకి 120 మంది కావాలి, సెలవులు కలుపుకోకుండానే. అదే 600 మీటర్ల జోన్ ఒకటి పెట్టి, మిగతా చోట్ల దిగనివ్వకుండా చూస్తే, ఆ జోన్‌కి మూడు పోస్టులు, 12 మంది చాలు. మిగతా బలగాన్ని గస్తీకి వాడొచ్చు. "ఎక్కడా దిగొద్దు" అనే మాట కంటే "ఇక్కడ దిగు, అక్కడ వద్దు" అనేది జనం వినే మాట అని నా అభిప్రాయం. అయితే అది మెరీనాలోనే ఉండాలని లేదు, వాలు తక్కువున్న చోటు ఎక్కడుందో కొలిచి చూశాక తేలాలి.

చాలా దేశాల్లో దీనికి జెండాలున్నాయి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతితే వాటి మధ్య లైఫ్‌గార్డు చూస్తున్నాడని అర్థం. ఒట్టి ఎరుపు జెండా ఉంటే ప్రమాదం ఎక్కువని, రెండు ఎర్ర జెండాలుంటే నీళ్లలోకి అసలు దిగకూడదని. గోవా ప్రభుత్వం 2008 నుంచి ఒక ప్రైవేటు సంస్థతో ఈ పద్ధతి నడిపిస్తోంది, వానాకాలంలో ఈత వద్దని చెబుతుంది. లైఫ్‌గార్డులున్న బీచ్‌లో ఒక మనిషి మునిగి చనిపోయే అవకాశం కోటీ 80 లక్షల్లో ఒకటని అమెరికా లైఫ్‌గార్డుల సంఘం లెక్క. ఆ అంకె మనకి అచ్చంగా వర్తించదు. అక్కడ బీచ్‌కి వచ్చేవాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎక్కువ, వాళ్లొచ్చేది పట్టపగలు.

చెన్నైలో పట్టపగలు బీచ్‌కి ఎవరొస్తారు? ఎండ తగ్గాక ఐదింటికి మొదలై, ఏడున్నర, ఎనిమిదింటి దాకా జనం పెరుగుతూనే ఉంటారు. ఇది తూర్పు తీరం, సూర్యుడు మన వెనక ఊరి మేడల చాటుకి దిగిపోతాడు. నీటి మీద వెలుగు తొందరగా పోతుంది. పెద్ద లైట్ల వెలుగు ఇసుక మీదే ఎక్కువ పడుతుంది, నల్లటి నీటిలో నల్లటి తల ఎవరికీ కనిపించదు. 2024 అక్టోబర్‌లో అలలు నీలంగా మెరుస్తున్నాయని తెలియగానే రాత్రిపూట జనం తిరువాన్మియూరు, ఈసీఆర్ బీచ్‌లకి ఎగబడ్డారు. గోవా పద్ధతిని తెచ్చి ఇక్కడ అతికిస్తే జెండాలు తీసేసే వేళకి మన జనం అప్పుడే సుండల్ పొట్లం పట్టుకుని నీళ్ల వైపు నడుస్తుంటారు. చెన్నైకి ఏ ఏర్పాటు చేసినా దీనికి జవాబు చెప్పాల్సిందే. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కాపాడేది ఎవరు

సముద్రం తెలిసినవాళ్లు ఈ తీరంలోనే ఉన్నారు. నొచ్చికుప్పం, ఊరూరు కుప్పం లాంటి పల్లెల మత్స్యకారులే ఎన్నోసార్లు ముందుగా నీళ్లలోకి దూకారు. పోలీసులు కూడా వాళ్ల సాయం తీసుకుంటారు. ఈ పద్ధతికి పాత ఉదాహరణ మనవాళ్లదే. పూరీ సముద్రంలో యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నోలియాలు తెలుగు మాట్లాడే జాలర్లు. పూరీలో పెంటకట అనే పేట వాళ్లది. తలకి తెల్లటి కోసు టోపీ పెట్టుకున్న నోలియాని నమ్మి ఎన్ని తరాల తెలుగువాళ్లు, బెంగాలీలు అలల్లోకి దిగారో.

జాలరికి ప్రవాహం ఎటు పోతోందో చూడగానే తెలుస్తుంది, శిక్షణ పొందిన లైఫ్‌గార్డుకి అందుకు కొన్నేళ్లు పడుతుంది. కానీ భయంతో మెడ పట్టుకునే మనిషిని ట్యూబుతో ఎలా లాగాలి, ఊపిరి ఎలా ఊదాలి, వెన్నెముక దెబ్బ తగిలినవాడిని ఎలా ఎత్తాలి అన్నవి వేరే విద్యలు. అందుకే ఎక్కువమంది ఒప్పుకునే దారి, జాలర్ల పిల్లలకే ఆ శిక్షణ ఇచ్చి తీసుకోవడం. పేచీ జీతం దగ్గర వస్తుంది. పండగలకీ సెలవులకీ రోజుకూలీ మీద పిలిచే పనికి వేట మానుకుని ఎవరొస్తారు?

మత్స్యకారులకి ఇంకో భయం కూడా ఉంది. బ్లూ ఫ్లాగ్ కావచ్చు, ఈత జోన్ కావచ్చు, గీత గీస్తే ఆ గీత లోపల ఇక తమ పడవలు, వలలు పెట్టుకోనివ్వరేమోనని. బీచ్ టూరిస్టుకి సాయంత్రం కాలక్షేపం, వాళ్లకి పని చేసుకునే చోటు. వాళ్లతో మాట్లాడకుండా గీసిన జోన్‌ని కాపాడేది మళ్లీ వాళ్లే అయితే ఆ ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

నీళ్లు శుభ్రంగా ఉన్నాయా

భద్రత అంటే మునగకపోవడం ఒక్కటే కాదు. మెరీనాకి ఉత్తరం కొసన కూవం, దక్షిణాన అడయార్ నది సముద్రంలో కలుస్తాయి. ఆ రెండూ మోసుకొచ్చేది ఎక్కువగా ఊరి మురుగు. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీటిలో మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా వంద మిల్లీలీటర్లకి 100 మించకూడదని మన కాలుష్య నియంత్రణ ప్రమాణం. బ్లూ ఫ్లాగ్‌కి ఇ.కోలై 250 లోపు, ఇంకో రకం బ్యాక్టీరియా 100 లోపు ఉండాలి. నదీముఖం దగ్గర, ముఖ్యంగా వానల తర్వాత, ఈ అంకెల్లో ఉండటం కష్టం. కోవళానికి ఆ గుర్తింపు ముందుగా రావడంలో ఊరికి దూరంగా ఉండటం కూడా కలిసొచ్చింది. జెల్లీఫిష్ లాంటివి కాలాన్ని బట్టి వస్తుంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను తర్వాత బెసెంట్ నగర్ ఒడ్డున నీలి డ్రాగన్లు అనే కుట్టే చిన్న సముద్రజీవులు కనిపించాయి.

గీత ఎక్కడ గీయాలి, ఎవరు గీయాలి

ఇసుక ఊడ్చేది కార్పొరేషన్. జనాన్ని అదుపు చేసేది నగర పోలీసులు. నీటి మీద గస్తీ తీర భద్రతా పోలీసులది. తీరంలో ఏది కట్టాలన్నా సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు చూడాలి. పర్యాటక శాఖ, మత్స్య శాఖ ఎవరి లెక్కలు వాళ్లవి. అలల హెచ్చరిక హైదరాబాద్ నుంచి వస్తుంది. కోవళంలో బ్లూ ఫ్లాగ్ షరతుల వల్ల ఇవన్నీ ఒక చిన్న తీరానికి ఒకచోట కలిశాయి. మెరీనా స్థాయిలో ఇలా కలపాలంటే ఈ రోజు జెండా ఏ రంగో నిర్ణయించే అధికారం ఒక్కరి చేతిలో ఉండాలి.

ఆ నిర్ణయం ఏడాదికోసారి తీసుకునేది కాదు. ఈశాన్య రుతుపవనాల వేళ, సుమారు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ఈ తీరంలో అలల దిశ మారి ఇసుక ఎదురు దారి పడుతుంది. పెద్ద అలలు నీటి అడుగున ఉన్న తిన్నెల్ని తిరగ రాస్తాయి. వేసవిలో సందు ఉన్నచోట జనవరిలో తిన్నె ఉండొచ్చు, తిన్నె ఉన్నచోట సందు పడొచ్చు. పొంగల్ జనం వచ్చేది సరిగ్గా ఆ మార్పు జరుగుతున్నప్పుడే. పోయినసారి ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు అనే అనుభవానికి ఆ రోజుల్లో విలువ లేదు. జెండాల పద్ధతి బాగా నడిచే చోట్ల లైఫ్‌గార్డు పొద్దున్నే వచ్చి నీళ్లని చూశాకే ఆ రోజు జెండా ఎక్కడ పాతాలో తేల్చుకుంటాడు, మధ్యాహ్నం నీటి తీరు మారితే పీకి ఇంకోచోట పాతుతాడు. సిమెంటు దిమ్మెలో పాతిన బోర్డుతో ఆ పని కుదరదు.